తోలుపనికి ఏ జిగురు

తోలుపని చేసేవాళ్లు దుకాణంలో అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "అన్నా, బాగా గట్టిగా పట్టేది ఇవ్వు." దుకాణదారు పసుపు రంగు రబ్బరు జిగురు డబ్బా ఒకటి తీసి చేతిలో పెడతాడు. పర్సుకు, బెల్టుకు, చెప్పు అడుగుకు, చిరిగిన సోఫాకు, బండి సీటుకు అన్నింటికీ ఆ డబ్బానే. డబ్బాలో తప్పేమీ లేదు, అడిగిన మాటే అసలు సంగతిని పక్కకు నెట్టేస్తోంది. అతికించిన వస్తువు ఎంతగా వంగుతుంది, ఎండలో ఎంత కాగుతుంది, చెమట, వాన ఎంత తగులుతాయి, అతుకు మీద కుట్టు పడుతుందా, కొన్నేళ్లకు దాన్ని విప్పి బాగుచేయాల్సి వస్తుందా? ఇవి తేలితే జిగురు పేరు దానంతట అదే తేలుతుంది. ఇవేవీ ఆలోచించకుండా కొన్న గట్టి జిగురు చాలాసార్లు తోలునే పాడుచేస్తుంది.

ముందు పనిని రెండుగా విడదీసి చూడాలి. పర్సు, బ్యాగు, బెల్టు, కత్తి ఒర, వాచీ పట్టీ వంటి చేతిపనుల్లో బరువు మోసేది మైనం పట్టించిన దారం. రెండు ముక్కల్ని కదలనివ్వకుండా పట్టి ఉంచడం, కుట్టు రంధ్రాల వరుస తప్పనివ్వకపోవడం, కుట్టు పడ్డాక పొరల మధ్యకు దుమ్మూ తడీ పోనివ్వకపోవడం, ఇంతే జిగురు పని. ఇక్కడ కావాల్సింది పలచగా పరుచుకుని, ఎండాక కూడా తోలుతో పాటు వంగే గుణం. మహా బలం అక్కర్లేదు. కిర్రు చెప్పుల కాలంలోనూ అంతే. లందలో (తోలు నానబెట్టే తొట్టిలో) తంగేడు చెక్కతో శుద్ధి చేసిన మందపాటి తోలుకు వారు, కుట్టు, మేకు ఆధారంగా ఉండేవి. ఇప్పటి ఫ్యాక్టరీ బూటు వేరు. దాని అడుగు చాలావరకు కుట్టు లేకుండా జిగురు మీదే నిలబడుతుంది, నడిచే ప్రతి అడుగుకూ ఆ అతుకు వంగుతుంది. రెంటికీ ఒకే డబ్బా వాడినందుకే పర్సు అంచున రబ్బరు పోగులు తేలతాయి, బూటు అడుగు నోరు తెరుస్తుంది.

తోలును అతికించే పాత విద్యల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది డప్పు. గుండ్రటి చెక్క చట్రం మీద తడి మేకతోలును లాగి, చింతగింజల బంకతో అంటిస్తారు. గింజల్ని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా నూరి ఉడికిస్తే వచ్చే చిక్కటి ముద్ద అది. కొండపల్లి బొమ్మల మక్కులో రంపపు పొట్టును కలిపి ఉంచేదీ, చేర్యాల నకాశీ పటాల కోసం ఖాదీ గుడ్డకు వేసే పూతలో ఉండేదీ ఈ చింతగింజే. డప్పుకు ఇదే ఎందుకు కుదిరిందో గమనించండి. అంటించే వేళకు తోలు తడిగా ఉంటుంది కాబట్టి నీటితో కలిసే బంకే దాన్ని పట్టుకోగలదు. రబ్బరు సొల్యూషన్ తడి తోలుకు అసలు అంటదు. తోలు ఎండుతూ ముడుచుకుని చట్రాన్ని బిగించే సమయానికే బంక కూడా ఎండి గట్టిపడుతుంది. ఇక వాయించే ముందు డప్పును మంట దగ్గర కాస్తారు. రబ్బరు జిగురైతే ఆ సెగకు మెత్తబడి తోలును జారవిడుస్తుంది. చింతగింజలో ఉండేది జైలోగ్లూకన్ అనే పొడవాటి చక్కెర గొలుసు. అది సెగకు కరగదు, తేమ పోయినకొద్దీ ఇంకా బిగుస్తుంది. తోలు చిరిగితే నానబెట్టి ఊడదీసి అదే చట్రానికి కొత్త తోలు వేసుకోవచ్చు. ఈ బంకకు పెద్ద శత్రువు తడి. తడిసిన తోలు ఎలాగూ మోగదు కాబట్టి డప్పును వానకు దూరంగానే ఉంచుతారు. తడి, సెగ, బిగువు, మరమ్మతు నాలుగూ లెక్కలోకి తీసుకుని మాదిగ పనివాళ్లు తేల్చిన ఈ ఎంపికను పదార్థ శాస్త్రంగానే గౌరవించాలని నా అభిప్రాయం.

వడ్రంగులు వజ్రం అనో సరేసు అనో పిలిచే జిగురు తోలుకు మరీ దగ్గరి చుట్టం. పశువుల చర్మాల్లో, ఎముకల్లో ఉండే కొల్లాజెన్‌ను నీళ్లలో ఉడికించి తీసిందే అది. వేడినీటి గిన్నెలో కరిగించి, వెచ్చగా ఉండగానే పూయాలి. చెక్కపెట్టెకు తోలు తొడగడానికి, బల్ల మీద తోలు పరచడానికి ఇప్పటికీ మంచిదే. ఎండాక పెళుసుబారుతుంది కాబట్టి వంగే వస్తువుకు పనికిరాదు.

తోలు బైండింగు పుస్తకాలది ఇంకో లెక్క. అక్కడ గోధుమ పిండి బంకకు ఇప్పటికీ సాటి లేదు. అందులోని నీరు చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలును మెత్తబరుస్తుంది. దాంతో పుస్తకం వెన్ను మీద, మూలల దగ్గర తోలును వేళ్లతో ఒదిగించవచ్చు, సరిగా కూర్చోకపోతే లేపి మళ్లీ వేయవచ్చు. వందేళ్ల తర్వాత బాగుచేసేవాళ్లు తడి చేసి విప్పగలరు కూడా. మన బైండర్లు పురుగు పట్టకుండా మైదా బంకలో మైలుతుత్తం కలుపుతారు. లెక్కల పుస్తకాలకు అది సరిపోతుంది కానీ, రాగి కాగితాన్ని త్వరగా చివికిస్తుంది. తరాల పాటు దాచుకోవాలనుకునే పుస్తకానికి ఆ తుత్తం వద్దు. ఇంట్లో తాతల నాటి తోలు అట్ట ఎర్రటి పొడిలా రాలుతుంటే దాని దగ్గరికి వేడి జిగురుగానీ హెయిర్ డ్రయ్యర్ గానీ తీసుకెళ్లకండి. బాగున్న బెరడు తోలు తడిలో 70 నుంచి 85 డిగ్రీల వేడికి ముడుచుకుంటుంది. చివికిన తోలు అంతకన్నా చాలా తక్కువ వేడికే ముడుచుకుని రాయిలా అవుతుంది, మళ్లీ సాగదు.

ఇక పసుపు డబ్బా. రోడ్డు పక్క చెప్పులు బాగుచేసేవాళ్లు 'సొల్యూషన్' అనేది రెండు వేర్వేరు వస్తువుల్ని. ఒకటి సహజ రబ్బరును పెట్రోలు జాతి ద్రావకంలో కరిగించింది, సైకిల్ పంక్చర్‌కు వాడేలాంటిది. దీనికి బలం తక్కువ, ఆ తక్కువ బలమే దాని సుగుణం. పలచటి తోలు అంచు మడిచి కుట్టే వరకు నిలపడానికి ఇంతకన్నా హాయైనది లేదు. తప్పుగా అంటితే లేపొచ్చు, పైకి వచ్చింది వేలితో రుద్దితే ఉండలు కట్టి రాలిపోతుంది. రెండోది క్లోరోప్రీన్ రబ్బరుతో చేసిన కాంటాక్ట్ జిగురు. 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో, వాలెస్ కరోదర్స్ బృందంలో పనిచేసిన ఆర్నల్డ్ కాలిన్స్ ఆ రబ్బరును కనిపెట్టాడు. మరుసటి ఏడే అది బజారుకు వచ్చింది. ఇందులో ఫినాలిక్ రెసిన్ కలిపితే అతుకు వేడికి కొంత తట్టుకుంటుంది. మన దగ్గర పేర్ల వల్ల కొంత తికమక ఉంది. ఫెవికాల్ అనగానే 1959లో మొదలైన తెల్ల జిగురు గుర్తొస్తుంది. ఆ పేరు మీదే దొరికే ఎస్‌ఆర్ రకాలు మాత్రం రబ్బరు జాతివి, ఎస్‌హెచ్, ఎంఆర్ నీటి జాతివి. పేరు పక్కనున్న ఆ రెండక్షరాలు చూసి కొనాలి.

కాంటాక్ట్ జిగురు పనిచేసే తీరు తెలియకే ఎక్కువ పనులు చెడతాయి. దాన్ని రెండు ముఖాలకూ పూయాలి. పూసి వెంటనే అంటించకూడదు. ద్రావకం ఎగిరిపోయి, వేలి వెనకభాగం ఆనిస్తే అంటుకోని స్థితి రావాలి. మామూలు వాతావరణంలో దానికి 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. అప్పుడు రెండు పొరల్నీ కలిపితే రబ్బరు గొలుసులు ఒకదాంట్లో ఒకటి చొచ్చుకుని, క్రమంగా స్ఫటికంలా బిగుసుకుంటాయి. ఇక్కడ గంటల తరబడి బరువు పెట్టి ఉంచడం వల్ల ఒరిగేది తక్కువ. ఒక్కసారి గట్టిగా, అంగుళం అంగుళం సుత్తితో కొట్టడమే ముఖ్యం. పూర్తి బలానికి ఒక రోజు ఆగాలి. తోలు లోపలి ముఖం జిగురును తాగేస్తుంది కాబట్టి, ఒక మందపాటి పూత కన్నా ఆరనిచ్చి వేసిన రెండు పలచటి పూతలు మేలు. బెల్టుకు లోపలి పొర వేసేటప్పుడు రెండు పొరల్నీ బల్ల మీద చదునుగా పెట్టి అంటిస్తే, నడుముకు చుట్టగానే లోపలి పొర ముడతలు పడుతుంది. వంపు ఇచ్చి పట్టుకునే అంటించాలి.

విదేశీ పుస్తకాలు చెప్పే నిమిషాలు మన వాతావరణానికి అలాగే కుదరవు. మే నెలలో రాయలసీమలో ఫ్యాను కింద పూసిన జిగురు కొద్ది నిమిషాల్లోనే పైపొర కట్టేస్తుంది. పైన ఎండినట్టుంటుంది, లోపల ద్రావకం చిక్కుకుపోతుంది, అంటించాక అది బుడగలై లేస్తుంది. అలాంటప్పుడు ఫ్యాను ఆపి, చిన్న చిన్న భాగాలుగా పూసుకుంటూ పోవాలి. ఆరిపోయి మొండిదైన పూతను కొద్దిగా వేడి చేసి మళ్లీ బతికించుకోవచ్చు. కోస్తాలో వానాకాలపు ఉక్కకు ఇంకో చిక్కు వస్తుంది. ద్రావకం ఎగిరేటప్పుడు పూత చల్లబడి గాలిలోని తేమ దాని మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది. ఆ మసక మీద అంటించిన అతుకు నిలవదు. అది పోయేదాకా ఆరబెట్టి, అవసరమైతే వెచ్చచేసి, అప్పుడు కలపాలి.

జిగురు కన్నా తోలు ముఖం మీద ఎక్కువ దృష్టి పెట్టమని కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెబుతాను. తోలు పైముఖాన రంగు, లక్క, ప్లాస్టిక్ పూత ఏదో ఒకటి ఉంటుంది. ఎంత గొప్ప జిగురైనా ఆ పూతనే పట్టుకుంటుంది, పూత తోలును వదిలేస్తే అతుకు ఊడినట్టే. అందుకే పైముఖం మీద అతికించే చోటును ఉప్పు కాగితంతోనో రంపెతోనో గీకి, పీచు కనబడేదాకా గరుకు చేయాలి. పీచు వదులుగా లేస్తే దులిపేయాలి. నూనె, మైనం బాగా తాగిన తోలు, నొక్కితే రంగు తేలి కనబడే రకం, ఇంకా మొండిది. ఎసిటోన్‌తో తుడిచి ఆరబెట్టి, మళ్లీ తుడిచి పూసినా రేపటికి లోపలి నూనె పైకి రావచ్చు. అలాంటి తోలుతో జిగురును నమ్మకుండా కుట్టునే నమ్ముకోవాలి. 1884లో అమెరికాలో పేటెంట్ అయిన క్రోము పద్ధతి తోలు మెత్తగా, సాగుతూ ఉంటుంది. దానికి సాగే రబ్బరు జిగురే సరి. తంగేడు, కరక్కాయ వంటివాటితో శుద్ధి చేసిన బిరుసు తోలుకు నీటి జిగురూ బాగా పడుతుంది.

కొత్త తోలు, కొత్త డబ్బా కలిసినప్పుడు చేయాల్సిన పరీక్ష చిన్నది. రెండు పీలికల్ని అతికించి ఒక రోజు ఉంచి, చేత్తో చీల్చి చూడాలి. తోలు పీచే తెగి రెండో ముక్కకు అంటుకుని వస్తే అతుకు తోలు కన్నా బలంగా ఉందన్నమాట. జిగురు మొత్తం ఒక ముఖం నుంచి శుభ్రంగా పొరలా లేస్తే ఆ ముఖాన్ని సరిగా గీకలేదు, లేదా నూనె ఉంది. రెండు ముఖాలకూ జిగురు మిగిలి తీగలు సాగితే ద్రావకం పూర్తిగా పోకముందే తొందరపడ్డారు. ఏ డబ్బా మీది రాతా చెప్పలేనంత సమాచారం ఈ చిన్న చింపులో ఉంది.

నీటి జిగుర్లను మన పనివాళ్లు తేలిగ్గా తీసేస్తారు, అది సరికాదు. పర్సు వంటి పలచటి పనికి తెల్ల జిగురు జాతివి చాలా నప్పుతాయి. ముక్కను జరిపి సరిచేసుకునే వ్యవధి ఉంటుంది, అంచును ఉప్పు కాగితంతో రుద్ది మెరుగు పెడితే పొరల మధ్య గీత కనబడదు. రబ్బరు జిగురు ఎక్కువైతే ఆ అంచే రుద్దేకొద్దీ ఉండలు కడుతుంది. వడ్రంగం కోసం చేసిన తెల్ల జిగురు ఎండాక బిరుసెక్కుతుంది, తడికి మెత్తబడుతుంది కాబట్టి దాన్ని అంచు వెంట సన్నగా మాత్రమే పూయాలి, వాచీ పట్టీలాంటి చెమట పట్టే వస్తువుకు వాడకూడదు. క్లోరోప్రీన్‌నే నీటిలో పాలలా కలిపిన జిగుర్లూ ఉన్నాయి. జర్మనీకి చెందిన రెనియా సంస్థ ఆక్విలిమ్ 315 ఈ రకమే. పాలరంగు పోయి తేటపడేదాకా ఆగి అంటిస్తే ఇంట్లో చేసే పర్సులకు, బ్యాగులకు ఇదే మొదట ఎంచుకోవాల్సిన జిగురని నా నమ్మకం. ఉక్కపోత రోజుల్లో ఎక్కువసేపు ఆగాలి, అంతే.

మిగతావాటిని త్వరగా చెప్పేయొచ్చు. రెండు వైపులా అంటే టేపు జిప్పులు, లైనింగులు కదలకుండా ఉంచడానికి మంచిది. కుట్టు వరుసకు పక్కగా వేయకపోతే సూదికి బంక పట్టి దారం తెగుతుంది. ఎపాక్సీ లోహపు బిళ్లను తోలుకు పట్టించడానికే. గ్లూ గన్ జిగురు ఎండలో నిలిపిన కారులోనే మెత్తబడిపోతుంది. ఫెవిక్విక్ వంటి సయనోఅక్రిలేట్ జిగుర్లు తెగిన చెప్పుకు అప్పటికప్పుడు ప్రాణం పోసినట్టే కనిపిస్తాయి. అవి తోలులోకి ఇంకి గాజులా గట్టిపడతాయి. వంగలేని ఆ చోటు పక్కనే తోలు కొత్తగా చీలుతుంది, నల్లటి మరక మిగులుతుంది. తర్వాత కుట్టబోతే ఆరె దిగదు, సూది విరుగుతుంది. తోలు చెప్పుకు దాన్ని వాడటమంటే చేయగలిగిన మరమ్మతును చేయలేనిదిగా మార్చడమే.

అడుగుల విషయంలో జిగురును తోలు కన్నా అడుగు పదార్థమే నిర్ణయిస్తుంది. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం నెమ్మదిగా క్లోరోప్రీన్ జిగురులోకి చేరి దాన్ని జావగా మారుస్తుంది. అందుకే రెక్సిన్ బ్యాగూ, పీవీసీ అడుగూ పసుపు జిగురుతో అతికితే కొన్నాళ్లు బాగానే ఉండి, తర్వాత ఊడతాయి. పీవీసీకి, పీయూ అడుగులకు పాలియురెథేన్ (పీయూ) జిగురు పూసి, ఆరాక వేడి చేసి నొక్కాలి. రబ్బరు అడుగును ముందు గరుకు చేసి, క్లోరిన్ మందుతో తుడవాలి. ఈవీఏ, టీపీఆర్ అడుగులకు వాటి వాటి ప్రైమర్లు కావాలి. రిపేరు చేసిన వ్యక్తి పనితనాన్ని తప్పుపట్టే ముందు ఆయనకు ఈ జిగురు, ప్రైమరు ఎప్పుడైనా అందాయా అని అడగాలి.

అన్నిటికన్నా నాకు ఆందోళన కలిగించేది డబ్బాలోని రబ్బరు కాదు, దాన్ని కరిగించిన ద్రావకం. ఈ విషయంలో జపాన్ అనుభవం అందరూ తెలుసుకోవాలి. 1950ల చివర్లో నటి ఆడ్రీ హెప్‌బర్న్ పేరు మీద అక్కడ 'హెప్' చెప్పులు విపరీతంగా అమ్ముడయ్యాయి. వాటిని ఇళ్లలో కూర్చుని అతికించిన కార్మికుల్లో రక్తహీనత, మరణాలు బయటపడ్డాయి. జిగురులోని బెంజీన్ ఎముక మజ్జను నాశనం చేసింది. 1959లో ప్రభుత్వం బెంజీన్ కలిసిన రబ్బరు జిగురును నిషేధించింది. దాని స్థానంలో హెక్సేన్ వచ్చింది. 1969లో యమమురా అనే వైద్యుడు చెప్పుల పనివాళ్లలో 93 మందికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి పట్టుతప్పిన నరాల జబ్బును వివరించాడు. కారణం ఆ కొత్త ద్రావకమే. ఇస్తాంబుల్‌లో ముజాఫర్ అక్సోయ్ అనే వైద్యుడు 1967, 1973 మధ్య బూట్లు చేసేవారిలో 26 మందికి రక్త క్యాన్సర్ లేదా దాని ముందు దశ వచ్చినట్టు 1974లో ప్రచురించాడు. అక్కడా కారణం బెంజీనే. డబ్బా మీద 'బెంజీన్ లేదు' అనో, మరో ద్రావకమైన 'టాలీన్ లేదు' అనో రాసి ఉండటం అందుకే సరిపోదు. దాని బదులు ఏముందో తెలియాలి.

టాలీన్ ఆవిరి గాలి కన్నా మూడు రెట్లు బరువు, హెక్సేన్‌దీ దాదాపు అంతే. అది పైకి పోకుండా నేల మీద పేరుకుంటుంది. చెప్పులు కుట్టేవాళ్లు కూర్చునేదీ నేల మీదే, రేకుల డబ్బాలాంటి చిన్న కొట్లో. టాలీన్ ఆవిరి 4 డిగ్రీల వేడికే మంట అందుకోగలదు, హెక్సేన్ సున్నాకు ఇంకా కిందే. మన ఊళ్లలో ఏ ఋతువులోనైనా అగ్గిపుల్ల దూరంలో ప్రమాదం ఉంటుంది. ఇంట్లో పనిచేసేవాళ్లు కిటికీ తెరిచి, గాలిని తమ వెనక నుంచి ముందుకు, కింది భాగం గుండా బయటికి పోయేలా ఫ్యాను పెట్టుకోవాలి. డబ్బా మూత తీసి ఉంచకుండా, బ్రష్షుతో ఉన్న చిన్న సీసాలోకి అవసరమైనంతే పోసుకోవాలి. గుడ్డ మాస్కు ద్రావకపు ఆవిరిని ఆపదు, బొగ్గు గుళికలు ఉన్న ముసుగే ఆపుతుంది. చేతులు థిన్నర్‌తో కడగొద్దు, వంటనూనె రుద్ది సబ్బుతో కడిగితే చాలు. పసిపిల్లలున్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు. వీధుల్లో బతికే పిల్లలు ఈ డబ్బాల్ని పీల్చడానికి వాడుతున్నారని తెలిసీ వాళ్లకు అమ్మేవాళ్లపై చట్టం గట్టిగా పనిచేయాలి.

ఇవన్నీ నేర్పగల సంస్థలు మనకు లేకపోలేదు. చెన్నైలో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. హైదరాబాద్‌లో పాదరక్షల డిజైన్ సంస్థ క్యాంపస్ ఉంది. బస్టాండు పక్కన కూర్చుని ఆరె పట్టే మనిషి దగ్గరికి నీటి జిగురును, పీయూ జిగురును, ఒక చిన్న హీట్ గన్‌ను తీసుకెళ్లి ఎలా వాడాలో చూపించడం ఇలాంటి సంస్థలకు మోయలేని పని కాదు. డబ్బాలో ఏ ద్రావకం ఎంత ఉందో తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో రాయించడం ప్రభుత్వాలకూ కష్టం కాదు.